మందుల ధరలో తగ్గింపు మీ చేతికి చేరుతోందా?



మార్కు సువార్త అయిదవ అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి మనందరికీ తెలుసు. ఆమె విశ్వాసం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని ఆ వృత్తాంతంలో ఉన్న ఒక చిన్న విషయం దగ్గర మనం ఎక్కువసేపు ఆగం. ఆమె వైద్యుల చుట్టూ తిరిగి తిరిగి ఉన్న డబ్బంతా పోగొట్టుకుంది, అయినా జబ్బు నయం కాలేదు. యేసు దగ్గరకు వచ్చేనాటికి ఆమె రోగి మాత్రమే కాదు, రోగం వల్ల పేదరాలైన మనిషి కూడా.

ఆస్పత్రిలో మందుల కిటికీ దగ్గర కూర్చునే వాళ్లకు ఆ స్త్రీ రోజూ కనిపిస్తుంది. డాక్టరుగారు నెలకు సరిపడా మాత్రలు రాస్తారు. ఆమె చీటీ చాచి, కొంగుముడి విప్పి, "పది రోజులకే ఇవ్వండి బాబూ, మిగతావి మళ్లీ వచ్చి తీసుకుంటాను" అంటుంది. చాలాసార్లు మళ్లీ రాదు. బి.పి. మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటుంది. షుగర్ మాత్ర పండగ ఖర్చు వచ్చిన నెలలో మానేస్తుంది. కొన్నాళ్లకు అదే మనిషిని పక్షవాతంతో ఆటోలో తీసుకొస్తారు. నెలకు కొన్ని వందల రూపాయల మందు కొనలేకపోయిన కుటుంబం అప్పుడు వేలల్లో అప్పు చేస్తుంది.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో మన దేశంలో ఆరోగ్యం మీద అయిన మొత్తం ఖర్చులో 64.2 శాతం ప్రజలు నేరుగా తమ జేబులోంచి పెట్టుకున్నారు. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం సంతోషమే. అయినా వంద రూపాయల్లో దాదాపు నలభై రూపాయలు ఇంకా ఇంటివాళ్లే కడుతున్నారు. అందులో పెద్ద భాగం మందులకే పోతుంది.

పేదలకు వైద్యం చేసే చోట మందులు చౌకగా దొరకాలని ప్రభుత్వాలు కొన్ని ఏర్పాట్లు చేశాయి. అవేమిటో, ఎలా పని చేస్తాయో, ఆ తగ్గింపు మధ్యలో ఆగిపోకుండా మీ చేతికి చేరాలంటే ఏం చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ఒకే మాత్రకు రెండు పేర్లు

ముందుగా ఒక విషయం అర్థం చేసుకోవాలి. ప్రతి మందుకూ రెండు పేర్లుంటాయి. ఒకటి లోపల ఉన్న మందు అసలు పేరు. దీన్నే జనరిక్ పేరు అంటారు. రెండోది కంపెనీ పెట్టుకున్న పేరు, అంటే బ్రాండు పేరు. బియ్యం ఒకటే, బస్తా మీద ముద్ర వేరు అనుకోండి. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కు ఇచ్చే అటార్వాస్టాటిన్ ఇవన్నీ అసలు పేర్లు. ఒక్కొక్క మందును మన దేశంలో ఎన్నో కంపెనీలు తమ తమ పేర్లతో అమ్ముతున్నాయి.

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి పేటెంటు ఉన్నంత కాలం దాని మీద ప్రత్యేక హక్కు ఉంటుంది. గడువు తీరిన తర్వాత అనుమతి తీసుకున్న ఏ కంపెనీ అయినా ఆ మందు తయారు చేయవచ్చు. రోజూ వాడే బి.పి., షుగర్ మందుల్లో ఎక్కువ వాటికి ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. అయినా ధరలో ఇంత తేడా ఎందుకు? కంపెనీ ప్రతినిధులు, ప్రచారం, బహుమతులు, హోల్‌సేల్ వ్యాపారి లాభం, దుకాణదారు లాభం, ఇవన్నీ మాత్ర ధరలో కలుస్తాయి. తయారీ ఖర్చు చిన్నది, దాని చుట్టూ చేరిన ఖర్చు పెద్దది.

స్ట్రిప్ మీద అసలు పేరును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం జనరిక్ పేరును బ్రాండు పేరుకంటే కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. ఇంగ్లీషు చదవలేనివారు ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోవచ్చు.

ధరకు కట్టిన పైకప్పు

మందుల ధరలను అదుపు చేయడానికి 1997లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థను ఏర్పాటు చేసింది. ఎన్.పి.పి.ఎ. అంటే ఇదే. 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇది అత్యవసర మందులకు గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. అత్యవసర మందుల జాతీయ జాబితాను 2022లో సవరించారు. అందులో 384 మందులున్నాయి.

లెక్క ఇలా ఉంటుంది. ఒక మందును అమ్మే బ్రాండ్లలో మార్కెట్టులో ఒక శాతం, అంతకంటే ఎక్కువ వాటా ఉన్నవాటిని తీసుకుని, దుకాణదారుకు అవి పడే ధరల సగటు కడతారు. దానికి దుకాణదారు లాభం 16 శాతం కలుపుతారు. ఉదాహరణకు సగటు 50 రూపాయలు వస్తే, 8 రూపాయలు కలిపి 58 రూపాయలు పైకప్పు అవుతుంది. పన్ను దీనికి అదనం. జాబితాలో లేని మందులకు పైకప్పు లేదు. వాటి ఎం.ఆర్.పి.ని కంపెనీ ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచకూడదన్న హద్దు మాత్రం ఉంది.

ఈ అదుపు వల్ల మేలు జరిగిన సందర్భాలు ఉన్నాయి. గుండె రక్తనాళంలో వేసే మందు పూత స్టెంటును అంతకుముందు లక్ష రూపాయలు దాటి అమ్మేవారు. 2017 ఫిబ్రవరిలో దానికి 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించారు. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార లాభం 30 శాతం దాటకూడదని ఆదేశించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఒక్క లోపం ఉంది. ఈ పద్ధతిలో ధరను మార్కెట్టు సగటును బట్టి కడతారు కాబట్టి, మార్కెట్టులో అందరూ ఎక్కువకు అమ్ముతుంటే పైకప్పు కూడా ఎత్తులోనే ఉంటుంది. పేదవాని చేతికి అందేంత కిందికి అది రాదు. అందుకే ఇంకో దారి కావలసి వచ్చింది.

జనౌషధి కేంద్రాలు

2008 నవంబరులో పంజాబులోని అమృత్‌సర్ ప్రభుత్వ ఆస్పత్రిలో మొదటి జనౌషధి దుకాణం తెరిచారు. ఉద్దేశం మంచిదే గాని మొదటి ఏళ్లలో పథకం నత్తనడక నడిచింది. దుకాణం ఉంటే మందు ఉండేది కాదు, మందు ఉంటే డాక్టర్లు రాసేవారు కాదు. 2014 నాటికి దేశమంతటా పనిచేస్తున్నవి 80 దుకాణాలే. తర్వాత పథకం పేరు మార్చి, సరుకు పెంచి, కేంద్రాలను విస్తరించారు. ప్రస్తుతం దాని పేరు ప్రధానమంత్రి భారతీయ జనౌషధి పరియోజన. పదివేలవ కేంద్రం 2023 నవంబరు 30న జార్ఖండ్‌లోని దేవ్‌ఘర్ ఎయిమ్స్‌లో ప్రారంభమైంది. 2025లో ఆ సంఖ్య 15 వేలు దాటింది. ఈ కేంద్రాలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ఇక్కడ ధర ఎలా కడతారు? ఒక మందుకు మార్కెట్టులో ముందున్న మూడు బ్రాండ్ల ధరల సగటు తీస్తారు. జనౌషధి ధర ఆ సగటులో సగానికి మించకూడదు. లెక్క కోసం ఆ మూడు బ్రాండ్లు 90, 100, 110 రూపాయలనుకుందాం. సగటు 100. అంటే జనౌషధిలో 50 రూపాయలకు మించదు. చాలా మందులు అంతకంటే ఇంకా తక్కువకే వస్తాయి. బ్రాండు ధరతో పోల్చితే 50 నుంచి 90 శాతం దాకా తక్కువని ప్రభుత్వం చెబుతోంది. రెండు వేలకు పైగా మందులు, మూడు వందలకు పైగా శస్త్రచికిత్స సామగ్రి ఈ జాబితాలో ఉన్నాయి. ఆడపిల్లలకు, స్త్రీలకు 'సువిధ' శానిటరీ ప్యాడ్ ఒక్కొక్కటి రూపాయికే 2019 నుంచి ఇస్తున్నారు.

మీకు దగ్గరలో కేంద్రం ఎక్కడుందో, మీ మందు ధర ఎంతో 'జనౌషధి సుగమ్' అనే మొబైల్ యాప్‌లో చూడవచ్చు. యాప్ వాడటం రానివారు యౌవనస్థులను అడగండి. యౌవనస్థులారా, సంఘంలో పెద్దలకు మీరు చేయగల చిన్న పరిచర్య ఇది.

ఆస్పత్రులు కలిసి కొంటే

ఒక్కరు బేరమాడితే ఒక ధర, పదిమంది కలిసి బేరమాడితే ఇంకో ధర. మన ఊళ్లో పెళ్లి సరుకులు కొనేవారికి ఇది తెలిసిన విషయమే. తమిళనాడు ప్రభుత్వం 1994లో ఒక వైద్య సేవల సంస్థను ఏర్పాటు చేసి, రాష్ట్రంలోని ప్రభుత్వ ఆస్పత్రులన్నిటికీ కావలసిన మందులను ఒకే చోట టెండరు పిలిచి కొనడం మొదలుపెట్టింది. జనరిక్ పేర్లతో కొంటారు, జిల్లా గోదాములకు చేరుస్తారు, నమూనాలు ల్యాబులో పరీక్షించాకే ఆస్పత్రులకు పంపుతారు. తర్వాత చాలా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత మందుల పథకం ప్రారంభించింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు ఇలాంటి సంస్థల ద్వారానే వస్తున్నాయి. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగర్ మాత్రలు మీకు ఉచితంగా ఇవ్వగలుగుతున్నారు.

ఖరీదైన క్యాన్సర్, గుండె జబ్బుల మందుల కోసం 2015లో ఢిల్లీ ఎయిమ్స్‌లో 'అమృత్' ఫార్మసీ మొదలైంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ హెచ్.ఎల్.ఎల్. లైఫ్‌కేర్ వీటిని పెద్ద ఆస్పత్రుల ఆవరణలో నడుపుతోంది. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి ముందుండి నడిపించే జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లోని కొన్ని ఆస్పత్రులు 40 రకాల మందులను ఉమ్మడిగా బేరమాడి కొన్నాయి. ఎం.ఆర్.పి.తో పోల్చితే సుమారు 82 శాతం ఆదా అయింది. మందు మారలేదు. కొనే పద్ధతి మారింది, అంతే.

అమెరికా నేర్పే పాఠం

అమెరికాలో నర్సులుగా, ఫార్మసిస్టులుగా పనిచేస్తున్న మన సంఘ బిడ్డలకు 'త్రీ ఫార్టీ బీ' అనే మాట తెలిసే ఉంటుంది. పేదలకు వైద్యం చేసే ఆస్పత్రులకు మందుల్లో తగ్గింపు ఇచ్చే పథకం అది. చట్టంలోని సెక్షన్ నంబరే దాని పేరైంది.

1990లో అమెరికా ప్రభుత్వం పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు మందుల కంపెనీలు కొంత సొమ్ము వెనక్కి ఇవ్వాలని చట్టం చేసింది. కంపెనీ ఎవరికైనా బాగా తక్కువ ధరకు మందు ఇస్తే, ఆ లెక్కన మెడికెయిడ్‌కూ ఎక్కువ తగ్గించాల్సి వచ్చేది. దాంతో అంతవరకు ధర్మాసుపత్రులకు తగ్గించి ఇస్తున్న కంపెనీలు ఆ అలవాటు మానుకున్నాయి. ఆ నష్టాన్ని సరిదిద్దడానికి 1992లో ఈ పథకం తెచ్చారు. మెడికెయిడ్‌లో తన మందులు చెల్లాలనుకునే కంపెనీ, పేదలకు సేవ చేసే ఆరోగ్య కేంద్రాలకు, హెచ్.ఐ.వి. క్లినిక్కులకు, పిల్లల ఆస్పత్రులకు, పేద రోగులు ఎక్కువగా వచ్చే ఆస్పత్రులకు నిర్ణీత ధర మించకుండా అమ్మి తీరాలి. కంపెనీకి సగటున వచ్చే ధర మీద బ్రాండు మందులకు సాధారణంగా కనీసం 23.1 శాతం, జనరిక్ మందులకు 13 శాతం తగ్గింపు. సాధారణ ధరల కంటే వేగంగా మందు ధర పెంచితే ఇంకా ఎక్కువ తగ్గించాలి. 2023లో ఈ పథకం కింద కొన్న మందుల విలువ 6,600 కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడే పెద్ద వివాదం ఉంది. ఆ తగ్గింపు ఆస్పత్రికి వస్తుంది. దాన్ని రోగి బిల్లులో తగ్గించి తీరాలని ఆ చట్టం చెప్పలేదు. ఆస్పత్రి తక్కువకు కొని, రోగి బీమా సంస్థ దగ్గర మామూలు ధర వసూలు చేసుకోవచ్చు. ఆ మిగులుతోనే పేదలకు ఉచిత వైద్యం చేస్తున్నామని, పల్లెల్లో తలుపులు తెరిచి ఉంచగలుగుతున్నామని ఆస్పత్రులు అంటున్నాయి. చాలా చోట్ల అది నిజం. ఆ మిగులు పేదలకే ఖర్చవుతోందని లెక్క ఎక్కడుంది అని కంపెనీలు అడుగుతున్నాయి. ఆ ప్రశ్న కూడా కొట్టిపారేయదగ్గది కాదు. 2020 నుంచి కొన్ని కంపెనీలు బయటి ఫార్మసీలకు ఈ ధరకు సరఫరాను పరిమితం చేయగా, వ్యాజ్యాలు కోర్టులకెక్కాయి.

ఎంత దూరదేశపు సంగతైనా, అందులోని ప్రశ్న మనదే. పేదవాని పేరు మీద వచ్చిన తగ్గింపు చివరికి ఎవరి చేతిలో ఆగుతోంది?

మన దగ్గర అదే ప్రశ్న

మన దేశంలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఉంది. కొన్ని కంపెనీలు జనరిక్ మందులను దుకాణాలకు, ఆస్పత్రులకు చాలా తక్కువ ధరకు ఇస్తాయి. కాని స్ట్రిప్ మీద ఎం.ఆర్.పి. మాత్రం బ్రాండు మందుతో సమానంగా అచ్చు వేస్తాయి. లెక్క కోసం, పది రూపాయలకు కొన్న స్ట్రిప్ మీద 60 రూపాయలు అచ్చు వేసి ఉందనుకుందాం. అమ్మేవారు 60 తీసుకున్నా చట్టం తప్పు పట్టదు. రోగి జనరిక్ మందే కొన్నాడు, కాని చౌక అతనికి రాలేదు. మధ్యలో ఉన్న 50 రూపాయలు అక్కడే ఆగిపోయాయి.

ధర్మం పేరుతో నడిచే ఏ ఆస్పత్రి అయినా ఈ విషయంలో తన్ను తాను పరీక్షించుకోవాలి. ఆస్పత్రికి జీతాలు, కరెంటు బిల్లు, ఉచిత పడకల ఖర్చు ఉన్నాయి. మందుల మీద వచ్చే కొంత మిగులుతో అవి గడుస్తాయన్నది కాదనలేని సంగతి. కాని ఎంత మిగులు, ఎవరి దగ్గర నుంచి, దేనికి ఖర్చు అన్న మూడు ప్రశ్నలకు సంఘం ముందు జవాబు చెప్పగలిగితేనే అది పరిచర్య. లేకపోతే వ్యాపారమే. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంట్లో దింపి, డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. ఆ ఇంటి యజమాని ఆ డబ్బును గాయపడినవాని కోసమే ఖర్చు చేస్తాడన్న నమ్మకంతోనే ఇచ్చాడు. ప్రభుత్వం ఇచ్చే తగ్గింపు, దాతలు ఇచ్చే కానుక కూడా అలాంటివే.

ధర్మ సంస్థలు జనౌషధి కేంద్రం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. నడిపేవారికి అమ్మకపు ధర మీద 20 శాతం లాభం, దానిపై నిబంధనలకు లోబడి ప్రోత్సాహకం ఉన్నాయి. మందు తగ్గింపు ధరే ఎం.ఆర్.పి.గా అచ్చయి వస్తుంది కాబట్టి, అక్కడ తగ్గింపు మధ్యలో ఆగే అవకాశం తక్కువ. సంఘ పెద్దలు, ఆస్పత్రి కమిటీలు దీన్ని ఆలోచించదగ్గది.

"చౌక మందు పని చేస్తుందా?"

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ధర తక్కువైతే పసతక్కువ అని మనలో చాలామందికి ఒక అనుమానం. ఇది గుడ్డి అనుమానం కాదు, కాబట్టి సూటిగా జవాబు చెప్పుకుందాం.

జనౌషధి మందులను డబ్ల్యు.హెచ్.ఓ. మంచి తయారీ ప్రమాణాల ధ్రువపత్రం ఉన్న కంపెనీల నుంచే కొంటారు. ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్షించాకే కేంద్రాలకు పంపాలన్నది నియమం. అయినా జనౌషధి బ్యాచ్‌లు నాణ్యత పరీక్షలో తప్పిన సందర్భాలు లేకపోలేదు. అలాగే పేరున్న బ్రాండు మందులు తప్పిన సందర్భాలూ ఉన్నాయి. ప్రమాణాలకు తగని మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి నెలా ప్రకటిస్తుంది. అందులో రెండు రకాలూ కనిపిస్తాయి. కాబట్టి ఎక్కువ ధర నాణ్యతకు హామీ కాదు, తక్కువ ధర నాసిరకానికి గుర్తూ కాదు.

అయితే కొన్ని మందుల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తం పలచన చేసే వార్‌ఫారిన్, థైరాయిడ్‌కు వాడే లివోథైరాక్సిన్ వంటి వాటిలో కొద్ది తేడా కూడా మనిషి మీద పని చేస్తుంది. వీటిలో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మీ అంతట మీరు మారకండి. డాక్టరుగారికి చెప్పి మారండి, వారు చెప్పిన రక్త పరీక్ష చేయించుకోండి. బి.పి., షుగర్ మందులు మార్చినప్పుడు కూడా రెండు మూడు వారాల్లో ఒకసారి చూపించుకుంటే మంచిది.

డబ్బు కట్టనవసరం లేని మందులు

కొన్ని జబ్బులకు మీరు మందు కొననే అక్కర్లేదు.

క్షయ: జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. పోషకాహారానికి నెలకు ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు. ఆ డబ్బు రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది.

హెచ్.ఐ.వి.: ఏ.ఆర్.టి. మందులు 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

కుష్ఠు: బహుళ ఔషధ చికిత్స మందులు 1995 నుంచి ప్రపంచమంతటా రోగులకు ఉచితంగా అందుతున్నాయి. కుష్ఠు రోగుల సేవలో మిషన్ ఆస్పత్రులు గడిపిన కాలాన్ని ఎరిగినవారికి ఇది ఎంత పెద్ద మేలో తెలుసు.

ఈ మూడింటిలోనూ సిగ్గుపడి బయట దుకాణంలో కొని సగంలో మానేయడం చాలా ప్రమాదం. ముఖ్యంగా క్షయ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తుతుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది.

మీరు చేయవలసినవి

1. డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడకండి. "అయ్యా, ఇదే మందు జనరిక్ పేరుతో రాయండి" అంటే చాలు. జనరిక్ పేరుతో, స్పష్టంగా రాయాలని వైద్యుల ప్రవర్తనా నియమాల్లో 2016 సవరణ చెబుతోంది.

2. ఇది ఎందుకు ముఖ్యమంటే, చీటీలో బ్రాండు పేరుంటే దుకాణంలో దాని బదులు వేరే కంపెనీ మందు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. దుకాణదారును తిట్టి లాభం లేదు. మార్పు చీటీలోనే జరగాలి.

3. మందు మారినప్పుడు పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ పక్కపక్కన పెట్టి అసలు పేరు, మిల్లీగ్రాములు ఒకటేనా చూడండి. పేర్లు వేరని రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. బి.పి., షుగర్ రోగులకు ఇది ప్రాణాపాయం.

4. ఎప్పుడూ బిల్లు తీసుకోండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులో ఉంటాయి. మందు మీద అనుమానం వస్తే ఫిర్యాదుకు అదే ఆధారం.

5. ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ అడిగితే ఇవ్వకండి. ఎన్.పి.పి.ఎ. వారి 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో ధర సరిచూసుకోవచ్చు.

6. నెల మందు కొనలేని పరిస్థితి వస్తే సగం కొని ఊరుకోకండి. ఆ మాట డాక్టరుగారికో, నర్సమ్మకో, మందుల కిటికీ దగ్గరో చెప్పండి. చౌక మందు ఉందేమో చూస్తారు, అవసరం లేని టానిక్కు తీసేస్తారు, ఉచిత కేంద్రానికి దారి చూపుతారు. చెప్పకపోతే మాకు తెలియదు.

చివరి మాట సంఘ కుటుంబాలకు. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ మందుల డబ్బాను ఈ వారం ఒకసారి తెరిచి చూడండి. మాత్రలు ఉన్నాయా, గడువు తీరాయా, రోజూ వేసుకుంటోందా కనుక్కోండి. చీటీ తీసుకుని జనౌషధి కేంద్రానికో, ఆరోగ్య కేంద్రానికో వెళ్లి నెల మందు తెచ్చిపెట్టండి. ఆ స్త్రీ యేసు వస్త్రపు అంచును తాకడానికి గుంపును తోసుకుంటూ వెళ్లవలసి వచ్చింది. మన మధ్య ఉన్న రోగికి గుంపులో దారి ఇవ్వడం మన చేతిలోనే ఉంది.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను ఆరోగ్యముతో దీవించును గాక.